బాల్డర్స్ గేట్ రీమాస్టర్‌కు డబ్బు పెడితే చేతికి వచ్చేదేమిటి?

1998 డిసెంబరులో బయోవేర్ తయారుచేసి, ఇంటర్‌ప్లే విడుదల చేసిన 'బాల్డర్స్ గేట్' ఐదు సీడీల కంప్యూటర్ ఆట. కత్తులు, మంత్రాల లోకంలో ఆరుగురి జట్టును నడిపించాలి. తెర మీద దాని బొమ్మ 640 పిక్సెళ్ల వెడల్పు, 480 పిక్సెళ్ల ఎత్తు. ఇప్పుడు తిరుపతిలో, ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్లోనో ఏర్పేడు దగ్గర ఐఐటీలోనో, ఒక విద్యార్థి ముందున్న మామూలు ల్యాప్‌టాప్ తెర 1920 బై 1080. దానికి సీడీ పెట్టే చోటే ఉండదు. ఈ ఎడం పూడ్చడానికి బీమ్‌డాగ్ సంస్థ 2012 నవంబరు 28న 'ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్' అనే రీమాస్టర్‌ను, అంటే పాత ఆటను ఇప్పటి యంత్రాలకు సర్దిన కూర్పును, తెచ్చింది. 2023 ఆగస్టులో లారియన్ చేతుల్లో మూడో భాగం వచ్చి, అది ఆడినవాళ్లు ఇప్పుడు వెనక్కి తిరిగి మొదటి భాగం వైపు చూస్తున్నారు. కొనొచ్చా, వద్దా అన్నది వాళ్ల ప్రశ్న.

కొనొచ్చు. అయితే బొమ్మలు మెరుగయ్యాయని నమ్మి కొంటే మాత్రం మోసపోయినట్టు అనిపిస్తుంది. ఇందులో బాగుపడింది లోపలి ఇంజిన్, అంటే ఆటను నడిపే సాఫ్ట్‌వేర్. రోజుకు గంట చొప్పున నెలల తరబడి ఆడేవాళ్లకు ఆ ఇంజిన్ మార్పే పెట్టిన డబ్బుకు తగిన ఫలితం ఇస్తుంది. తెర మీద కనిపించే అందం దాదాపు పాతదే.

అలా ఎందుకుందో తెలిస్తే నిరాశ తగ్గుతుంది. ఈ ఆటలో ఊళ్లు, అడవులు, గుహలు అప్పటికప్పుడు గీసే త్రీడీ దృశ్యాలు కావు. కళాకారులు త్రీడీలో కట్టి, వెలుగునీడలు దిద్ది, చివరకు చదునైన చిత్రాలుగా మార్చి భద్రపరిచినవి. వాటి మీద పాత్రలు నడుస్తాయి. బీమ్‌డాగ్ పని మొదలుపెట్టేసరికి ఆ మూల త్రీడీ ఫైళ్లు దొరకలేదు. చదును చేసిన చిత్రాలే మిగిలాయి. చుట్టిన చీర దొరికింది గానీ నేసిన మగ్గం దొరకలేదన్నమాట. అందువల్ల కొత్త కూర్పులో జూమ్ పెంచితే నేల మసకబారుతుంది, తగ్గిస్తే పాత్రలు చీమలంత అవుతాయి. 15 అంగుళాల తెర మీద నడిమి జూమ్ దగ్గర ఆపి ఆడటమే మేలు. సెట్టింగుల్లో ఇంటర్‌ఫేస్ స్కేలింగ్ ఆన్ చేసి, అక్షరాల సైజు రెండు మెట్లు పెంచి, పాత్రల చుట్టూ వచ్చే నల్ల గీతను ఆపేస్తే కంటికి చాలావరకు హాయిగా ఉంటుంది. ఈ మూడు మార్పులకు రెండు నిమిషాలు చాలు. చేయకుండా ఆడి 'అక్షరాలు కనపడటం లేదు' అని వదిలేసేవాళ్లే ఎక్కువ.

రీమాస్టర్ అన్న మాట వినగానే అందరికీ ఒకే బొమ్మ మనసులో మెదలడం మరో చిక్కు. 2006 నాటి 'ఆబ్లివియన్'కు 2025 ఏప్రిల్ 22న వచ్చిన రీమాస్టర్‌ను చూడండి. అక్కడ పాత ఇంజిన్ లోపల లెక్కలు నడుపుతుంటే, పైన అన్‌రియల్ ఇంజిన్ 5 బొమ్మను మొత్తం కొత్తగా గీస్తుంది. ఫలితం కళ్లు చెదిరేలా ఉంటుంది. కానీ దానికి కనీసం 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1070 టీఐ స్థాయి గ్రాఫిక్స్ కార్డు, 125 జీబీ ఖాళీ ఉన్న ఎస్‌ఎస్‌డీ కావాలి. బాల్డర్స్ గేట్ ఎన్‌హాన్స్‌డ్‌కు మూడు నాలుగు జీబీ చోటు చాలు. బొమ్మ గీసే ఓపెన్ జీఎల్ 2.0 పద్ధతి తెలిసిన గ్రాఫిక్స్ ఏదైనా సరే, అంటే విడిగా కార్డు లేని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. ఇంట్లో 40 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంటే నాలుగు జీబీ పావుగంటలోపు దిగిపోతుంది. 125 జీబీకి ఏడు గంటలు. ఇక రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోన్ డేటాను హాట్‌స్పాట్ పెట్టి లాగితే మొదటిది రెండు రోజుల పని, రెండోది రెండు నెలల పని. బాలాజీ కాలనీ పక్కన గదుల్లో ఉండి చదువుకునే పిల్లలకు ఈ లెక్క చిన్నది కాదు.

పాత ఇంటెల్ చిప్పు ఉన్న యంత్రాల్లో ఒక ఇబ్బంది ఎదురవుతుంది. ఆట తెరవగానే ఓపెన్ జీఎల్ గురించి లోపం చూపి ఆగిపోవడమో, నల్ల తెర రావడమో జరుగుతుంది. విండోస్ తానే వేసుకున్న సాధారణ డ్రైవర్‌లో ఓపెన్ జీఎల్ పూర్తిగా ఉండకపోవడమే చాలాసార్లు దానికి కారణం. ల్యాప్‌టాప్ తయారీదారు సైట్ నుంచి గానీ ఇంటెల్ సైట్ నుంచి గానీ అసలు డ్రైవర్ వేస్తే కుదురుతుంది.

ఇంజిన్‌లో మారినవి

1998 ఆటను 2000 సెప్టెంబరులో వచ్చిన రెండో భాగం ఇంజిన్ మీదికి ఎక్కించడం ఈ రీమాస్టర్‌లో అసలు పని. తెర ఎంత వెడల్పైనా సర్దుకుంటుంది. ట్యాబ్ నొక్కితే తలుపులు, పెట్టెలు వెలుగుతాయి. నేల మీద పడ్డ వస్తువులన్నీ అడుగున ఒకే వరుసలో కనిపిస్తాయి, ఒక్కో శవం దగ్గరికీ వెళ్లి వంగనక్కర్లేదు. ఇరుకు దారుల్లో ఒకరికొకరు అడ్డం పడ్డప్పుడు తోటివాళ్లను పక్కకు నెట్టుకుని దారి ఇచ్చుకుంటారు. పాత ఆటలో ఫైర్‌వైన్ శిథిలాల సొరంగాల్లో ఆరుగురిని నడిపించినవాళ్లకు ఈ ఒక్కదాని విలువ తెలుసు. ముందున్నవాడు ఆగితే వెనకున్నవాడు దారి వెతుక్కుంటూ మొత్తం గుహ చుట్టి, నిప్పు బాణాలు వేసే కోబోల్డులనే మరుగుజ్జు శత్రువుల మధ్యకు వెళ్లి పడేవాడు. కొత్త ఇంజిన్‌లో ఆ బాధ పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గింది.

నడక నెమ్మదిగా ఉందని చాలామంది విసుక్కుంటారు. ఈ ఆటలో కాలం ఫ్రేముల లెక్కతో నడుస్తుంది, సెకనుకు 30. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఆట పేరుతో ఉన్న చోట 'బాల్డర్ డాట్ లువా' అనే ఫైల్ ఉంటుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌తో తెరిచి, గరిష్ఠ ఫ్రేమ్ రేటు వరుసలో 30 తీసి 40 పెడితే నడక, యుద్ధం, అన్నీ మూడోవంతు వేగం పుంజుకుంటాయి. 60 పెడితే బొమ్మ నునుపుగా మారుతుందనుకుంటే పొరపాటు. ఆట రెట్టింపు వేగంతో పరుగెత్తి, యుద్ధంలో ఆలోచించే వ్యవధి ఉండదు. సేవ్‌లు కూడా ఇదే ఫోల్డర్‌లో పడతాయి. విండోస్‌లో డాక్యుమెంట్స్‌ను వన్‌డ్రైవ్‌కు కలిపి ఉంచితే ప్రతి సేవ్ ఆ ఉచిత 5 జీబీని తింటుంది. నిండిపోయాక కొత్త సేవ్‌లు పైకి చేరవు. ఆ ఫోల్డర్‌ను సింక్ నుంచి తప్పించడం మంచిది.

ఈ మార్పిడిలో పోయినవీ ఉన్నాయి. మొదటి భాగంలో అసలు లేని కిట్లు (ఒక్కో తరగతి పాత్రలో ప్రత్యేక రకాలు), రెండు చేతుల్లో రెండు కత్తులు పట్టే విద్య, సోర్సరర్, మాంక్ లాంటి తరగతులు రెండో భాగం నుంచి ఇక్కడికి దిగుమతి అయ్యాయి. మొదటి ఆటలోని శత్రువులను వీటిని దృష్టిలో పెట్టుకుని తయారుచేయలేదు. కాబట్టి బెర్సర్కర్ అనే ఫైటర్ కిట్‌తో మొదలుపెట్టినవాడికి నడుమ ఆట తేలికైపోతుంది. పాత వీడియో దృశ్యాల స్థానంలో చేతితో గీసిన కదిలే చిత్రాలు పెట్టారు. నీరా, డోర్న్, రసాద్ అనే ముగ్గురు కొత్త సహచరులు వచ్చారు. పాత సహచరులు పొదుపుగా మాట్లాడితే వీళ్లు విస్తారంగా మాట్లాడతారు. రచన బాగాలేదని కాదు, పక్కపక్కన వింటే శ్రుతి కలవదు. నీరా బెరెగోస్ట్ ఊళ్లోనే ఎదురై, ఆమె వెంటపడుతున్న మాంత్రికులతో అక్కడికక్కడే పోరాటం తెస్తుంది. ఒకటి రెండు లెవెళ్లలో ఉన్న జట్టు అందులో తుడిచిపెట్టుకుపోతుంది. మూడో లెవెల్ దాటాక పలకరించడం క్షేమం.

గాలిగోపురం దాకా

అలిపిరి నుంచి నడిచి కొండెక్కినవాళ్లకు తెలుసు, 3,550 మెట్లలో ఊపిరి తీసేవి గాలిగోపురం దాకా ఉన్న మెట్లే. అక్కడ వెనుదిరిగినవాడు ఆ పైనున్న చదును దారిని, జింకలను చూడకుండానే పోతాడు. బాల్డర్స్ గేట్ మొదటి పది గంటలు సరిగ్గా ఆ ఎక్కుడే. కొన్నవాళ్లు ఆట వదిలేసేది ఇక్కడే. రీమాస్టర్ దీన్ని ఏమీ మార్చలేదు.

దీనికి మూలం ఆట వాడే నియమాల్లో ఉంది. ఇది పాచికలతో ఆడే 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' అనే బల్ల ఆట రెండో కూర్పు లెక్క. మూడో భాగం వాడినది ఐదో కూర్పు. అందులో కవచం విలువ పెరిగితే మంచిది, ఇందులో తగ్గితే మంచిది. ఒంటి మీద ఏమీ లేనివాడి కవచం విలువ, అంటే ఏసీ, 10, తోలు కవచానికి 8, ఫుల్ ప్లేట్‌కు 1, ఇంకా గట్టివాడైతే సున్నా కిందికి దిగుతుంది. దెబ్బ తగలడానికి థాకో అనే అంకె చూస్తారు. థాకోలోంచి ఎదుటివాడి ఏసీ తీసేయగా వచ్చినంత గానీ, అంతకంటే ఎక్కువ గానీ 20 ముఖాల పాచిక మీద పడాలి. మొదటి లెవెల్ ఫైటర్ థాకో 20. ఎదుటివాడి ఏసీ 4 అయితే 16 గానీ ఆపైన గానీ పడాలి, అంటే నాలుగు దెబ్బల్లో ఒకటి తగిలితే గొప్ప. తోలు కవచం వాడి మీదైతే 12 చాలు, దాదాపు సగం తగులుతాయి. లెవెల్‌కు ఒకటి చొప్పున ఫైటర్ థాకో తగ్గుతూ వస్తుంది. ఆరో లెవెల్‌కు అదే ఏసీ 4 వాడి మీద సగం దెబ్బలు పడతాయి. మాంత్రికుడైతే మొదటి లెవెల్‌లో గరిష్ఠంగా నాలుగు ప్రాణం పాయింట్లు, కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) 16 ఉంటే మరో రెండు. ఒక బాణానికే పడిపోగలడు. చేతకాక ఓడిపోతున్నామని కొత్తవాళ్లు బాధపడతారు. నిజానికి పాచికల లెక్కే వాళ్లకు వ్యతిరేకంగా ఉంటుంది.

దాటే పద్ధతులు లేకపోలేదు. ఆరుగురిలో నలుగురికైనా దూరం నుంచి కొట్టే ఆయుధం ఇవ్వాలి. విల్లు పట్టలేనివాడికి వడిసెల. నాయకుడిగా ఫైటర్‌నో రేంజర్‌నో ఎంచుకుని డెక్స్‌టెరిటీ (చురుకు) 18 పెడితే ఏసీలో నాలుగు అంకెలు కలిసొస్తాయి, విల్లు గురి కూడా పెరుగుతుంది. మాంత్రికుడికి ఉన్న ఒక్క మంత్రం చోటులో 'స్లీప్' పెట్టుకోవాలి. చిన్న స్థాయి శత్రువుల గుంపును అది ఒక్కసారిగా పడుకోబెడుతుంది. ఫ్రెండ్లీ ఆర్మ్ ఇన్ అనే సత్రం మెట్ల మీద ఎదురయ్యే టార్నెష్ అనే మాంత్రికుడి దగ్గర మంత్రం పూర్తయ్యేలోపు ఒక్క దెబ్బ తగిలితే చాలు. ఈ నియమాల్లో చదువుతుండగా గాయపడితే మంత్రం చెడిపోతుంది. అందుకే వాడు మాట్లాడటం ఆపిన క్షణంలో స్పేస్ నొక్కి ఆట నిలిపి, అందరినీ వాడి మీదికే వదలాలి. ఆట నిలిచే సందర్భాలను ముందే అమర్చుకోవచ్చు. శత్రువు కనిపించగానే, ఎవరైనా బాగా గాయపడగానే, ఆయుధం పనికిరాకుండా పోగానే ఆగేలా పెట్టుకుంటే చాలు.

ఆయుధం పనికిరాకుండా పోవడం ఏమిటని అనుమానం రావచ్చు. ఈ కథలో ఆ ప్రాంతమంతా ఇనుము చెడిపోతోంది. మామూలు ఇనుప కత్తి యుద్ధం మధ్యలో విరిగిపోతుంది. కొత్తవాళ్లు దాన్ని సాఫ్ట్‌వేర్ లోపం అనుకుని ఆట మళ్లీ వేసుకుంటారు. ప్రతి కత్తి వీరుడి సంచిలో ఇంకో కత్తి ఉండాలి, లేదా మంత్రపు కత్తి సంపాదించాలి.

ఇవన్నీ వద్దు, కథ చాలు అనేవాళ్లకు 'స్టోరీ మోడ్' ఉంది. అందులో జట్టు చావదు. చదివే ఆటగా తీసుకునేవాళ్లు మొహమాటం లేకుండా పెట్టుకోవచ్చు. మూడో భాగంలోలాగా ఒకరి తర్వాత ఒకరు వంతుల వారీగా కొట్టుకునే పద్ధతి మాత్రం ఏ సెట్టింగ్‌లోనూ రాదు. ఇక్కడ అందరూ ఒకేసారి కదులుతారు, ఆరు సెకన్లకు ఒక రౌండ్. అది నచ్చనివాళ్లకు ఈ ఆట నచ్చదు, డబ్బు ఖర్చు చేయకపోవడమే మంచిది.

డబ్బు సంగతి

ఆటలు అమ్మే ఆన్‌లైన్ అంగడి స్టీమ్‌లో ధర రూపాయల్లో ఉంటుంది, యూపీఐతో కట్టవచ్చు. అలాంటిదే మరో అంగడి గోగ్‌లో డాలర్ల లెక్క. అందుకు కార్డు కావాలి. 2020 మార్చి 16 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నియమం వల్ల కొత్త కార్డుల్లో ఆన్‌లైన్, విదేశీ వాడకం మొదట ఆపేసి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో వాటిని తెరిచి, పరిమితి పెట్టి, పని కాగానే మళ్లీ మూసేయాలి. పైగా బ్యాంకు విదేశీ మారకం రుసుము, దాని మీద జీఎస్టీ కలుస్తాయి. ఆ మేరకు ధరలో కలుపుకుని పోల్చాలి.

అయినా గోగ్ వైపు మొగ్గడానికి గట్టి కారణం ఉంది. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకుండా ఉంటేనే డబ్బు వెనక్కి వస్తుంది. ఆట తెరిచి ఉంచి అన్నానికి వెళ్లినా ఆ గడియారం తిరుగుతూనే ఉంటుంది. గోగ్‌లో 30 రోజుల గడువు, ఆడినా ఇస్తారు. ఈ ఆటలో పాత్రను తయారుచేసుకోవడానికే గంట పడుతుంది, మంచి అంకెలు పడేదాకా పాచికలు వేస్తూ కూర్చుంటే రెండు గంటలు తెలియకుండా పోతాయి. స్టీమ్‌లో కొన్నవాళ్లు మొదటిసారి అంకెల మొత్తం 80 దాటగానే ఒప్పుకుని, ఆట మొదలయ్యే క్యాండిల్‌కీప్‌లో చిల్లర పనులు సగం వదిలేసి, నేరుగా ఫ్రెండ్లీ ఆర్మ్ ఇన్ దాకా వెళ్లి చూడాలి. అక్కడి మెట్ల పోరాటం రెండుసార్లు ఓడినా మూడోసారి ఇంకోలా ప్రయత్నించాలనిపిస్తే ఆట అబ్బినట్టే. విసుగే మిగిలితే గడియారం ఇంకా దాటలేదు, వెనక్కి ఇచ్చేయవచ్చు. రీమాస్టర్ వచ్చి ఎన్నో ఏళ్లయింది. జూన్ చివర, డిసెంబరు చివర వచ్చే పెద్ద తగ్గింపుల్లో ఇది సగం ధరకు, ఒక్కోసారి అంతకంటే తక్కువకు వస్తుంటుంది. పూర్తి ధర పెట్టాల్సిన తొందర ఎవరికీ లేదు.

పాత ఆట ఇప్పటికే కొని ఉన్నవాళ్ల సంగతి వేరు. వెడల్పు తెర కోసం ఉచిత మాడ్ (ఆటగాళ్లు ఆటకు చేసే మార్పు) ఉంది, మొదటి భాగాన్ని రెండో భాగం ఇంజిన్‌లోకి తెచ్చే మాడ్లు రీమాస్టర్ కంటే ముందే ఆటగాళ్లు తయారుచేశారు. ఒక ఆదివారం ఓపిగ్గా కూర్చుంటే రీమాస్టర్ ఇచ్చే సౌకర్యాల్లో చాలావరకు ఖర్చు లేకుండా వస్తాయి. ఆ ఆదివారం లేనివాళ్లకే రీమాస్టర్.

ఫోన్ కూర్పు గురించి రెండు మాటలు. ఆండ్రాయిడ్‌లో 2014 నుంచి ఉంది. పది అంగుళాల ట్యాబ్లెట్ మీద బాగుంటుంది. ఫోన్ మీద ఆరుగురిలో కావలసినవాడిని వేలితో పట్టుకోవడం, యుద్ధంలో సరైన చోట తాకడం పెద్ద అగచాటు. చౌకగా ఉందని ఫోన్ కోసం కొనొద్దు.

మాడ్లు వేయాలనుకుంటే వరుస తప్పకూడదు. స్టీమ్ తానే అప్‌డేట్ చేస్తే మాడ్లు చెడిపోతాయి కాబట్టి, ముందు ఆట ఫోల్డర్ మొత్తాన్ని ప్రోగ్రామ్ ఫైల్స్ బయట మరోచోటికి కాపీ చేసుకోవాలి. 'సీజ్ ఆఫ్ డ్రాగన్‌స్పియర్' అదనపు భాగం కొని ఉంటే అది జిప్ రూపంలో ఉంటుంది. మాడ్ల ఇన్‌స్టాలర్ దాని లోపలికి చూడలేదు. అందుకని ముందు డీఎల్‌సీ మెర్జర్ అనే మాడ్‌తో విప్పాలి. తర్వాత లోపాలు సరిదిద్దే ఈఈ ఫిక్స్‌ప్యాక్, ఆ తర్వాత సహచరుల మాటలు పెంచే ఎన్‌పీసీ ప్రాజెక్ట్, చివరగా శత్రువుల తెలివి పెంచే స్వోర్డ్ కోస్ట్ స్ట్రాటజెమ్స్. ఈ చివరిదాన్ని మొదటిసారి ఆడేవాళ్లు వేయకూడదు. మాడ్లన్నీ పూర్తయ్యాకే కొత్త ఆట మొదలుపెట్టాలి. ఒకసారి అడుగుపెట్టిన ప్రాంతం వివరాలు సేవ్‌లో ముద్రపడి పోతాయి, తర్వాత వేసిన మాడ్ అక్కడ కనిపించదు.

తెలుగులో ఈ ఆట లేదు, పైగా పాతకాలపు ఇంగ్లిష్ పలుకుబడి అక్కడక్కడ తగులుతుంది. తెలుగు మీడియంలో చదివినవాళ్లు జంకనక్కర్లేదు. సంభాషణ నొక్కేదాకా కదలదు, పైకి జరిపి మళ్లీ చదువుకోవచ్చు. ఇంగ్లిష్ నవలలు హాయిగా చదవగలిగేవారు ఇదే ఇంజిన్ మీద 1999లో వచ్చి, 2017 ఏప్రిల్‌లో రీమాస్టర్ అయిన 'ప్లేన్‌స్కేప్: టార్మెంట్'ను ముందు కొనడమే మంచిది. అందులో యుద్ధం తక్కువ, చదువు చాలా ఎక్కువ. బొమ్మ పాతదన్న మాట పదో పేజీకే మరుపున పడుతుంది.

మొదటి భాగం నచ్చితే రెండో భాగం రీమాస్టర్‌ను కళ్లు మూసుకుని కొనొచ్చు. రెండింటిలో మెరుగైన ఆట అదే. 2016లో వచ్చిన డ్రాగన్‌స్పియర్‌ను తగ్గింపులో దొరికితేనే చూడాలి. పెద్ద పెద్ద యుద్ధాలున్నాయి గానీ, ఇష్టం వచ్చిన దిక్కుకు తిరిగే స్వేచ్ఛ మొదటి భాగంలో ఉన్నంత లేదు. అది కూడా కొని ఉంటే మొదటి భాగం చివరి పోరాటం ముగియగానే ఆట నేరుగా అందులోకి వెళ్లిపోతుంది. కొండ దారిలో మోకాళ్ల పర్వతంలాగా ఆ చివరి పోరాటం మళ్లీ ఒకసారి ఊపిరి తీస్తుంది, చివరి శత్రువు సారెవోక్ ఒక్కడినే అతని జట్టు నుంచి దూరంగా లాగి కొట్టాలి. ముగిశాక వచ్చే చివరి సేవ్‌ను చెరిపేయకూడదు, రెండో భాగంలోకి పాత్రను తీసుకెళ్లేది అదే. ఫ్రెండ్లీ ఆర్మ్ ఇన్‌లో ఒక జమీందారు ఉతకమని చేతిలో పెట్టే బంగారు ప్యాంటును కూడా అప్పటిదాకా అమ్మకుండా సంచిలోనే ఉంచాలి. రెండో భాగంలో వెండిది, దాని కొనసాగింపులో కంచుది దొరుకుతాయి. మూడూ కలిస్తే ఏమవుతుందో అక్కడి చిన్న కమ్మరి సెస్పెనార్ చూపిస్తాడు.